రేపు రాసిస్తానన్న రశీదు

జూన్ 3, మంగళవారం. వట్లూరు.

"రశీదు రేపు రాసిస్తానండి మాస్టారూ" అన్నాడు నరసరాజు. 1991 ఆగస్టు 20, అదీ మంగళవారమే. ముప్పై నాలుగేళ్లు కావస్తోంది. ఆ రేపు ఇంకా రాలేదు.

నా భార్య సారమ్మ టీచరు బదిలీ దరఖాస్తు అది. కొల్లేటి లంకలో బడి, రోజూ దోనె మీద దాటాలి, మనిషికి ఉబ్బసం. డాక్టరు సర్టిఫికెట్టు జతచేసి, నా దస్తూరీతో ఒక్క కొట్టివేత లేకుండా రాసి, ఏలూరులో విద్యాశాఖ ఆఫీసు కిటికీలోంచి గుమాస్తా నరసరాజు చేతికిచ్చాను. వాడు సొరుగులో వేశాడు. మర్నాడు వెళితే మళ్లీ రేపే. ఆ కాయితం ఏ చెత్తబుట్టలో పడిందో ఆ దేవుడికే తెలియాలి. ఒక మొగుడు చేయవలసిందంతా నేను చేశాను. సారమ్మే వెళ్లమంటే తాడేపల్లిగూడెం కూడా వెళ్లి వచ్చాను. నవంబరు తొమ్మిదిన సారమ్మ పోయింది.

ఇవాళ ఇది మళ్లీ రాయడానికి కారణం పై వాటాలో ఉంటున్న మెహజబీన్. హసన్ బైండరు కూతురు. నా పుస్తకాలు మూడు వందలకు పైగా హసన్ చేతి కుట్టే. ఆ మహానుభావుడు పోయాక కూతురు కంప్యూటరు పని చేసి ఇల్లు నడుపుతోంది. ట్రస్టు వారి నర్సింగు స్కూలుకి దరఖాస్తులు తీసుకునే పేజీ తయారుచేస్తోందట. సాయంత్రం కిందికి వచ్చి ఒక మాట అడిగింది.

"మాస్టారూ, ఫారం మాకు వచ్చేసిందని చెప్పాలండి. కానీ ఇంకా చూడలేదనీ తెలియాలి. సీటు ఇచ్చేశారనుకోకూడదు. ఒక్క మాటలో రావాలండి."

ఆమె రాసుకొచ్చింది చూపించింది. 'మీ దరఖాస్తు విజయవంతంగా స్వీకరించబడినది.'

విజయవంతంగా అనేది యుద్ధానికి వాడతారమ్మా అన్నాను. 'బడు' అనేది చేసినవాడి పేరు దాచడానికి ఆఫీసువాళ్లు కనిపెట్టిన క్రియ అన్నాను. మా రోజుల్లో రశీదు మీద ఒక మాట ఉండేది. ముట్టినది. కాయితం చేతికి తగిలింది, అంతే. చదివానని కాదు, ఒప్పుకున్నానని కాదు.

"ముట్టింది" అని నాలుగైదుసార్లు తనలో తను అనుకుని చూసింది. "పిల్లలు నవ్వుతారేమోనండి."

"నవ్వనీ. నంబరు చూసుకున్నాక నవ్వితే మంచిదే."

జూన్ 4

'స్వీకరించబడినది' అని మాత్రం ఈ ఇంట్లో ఎవరూ రాయరు.

జూన్ 7, శనివారం

పైకి పదిహేడు మెట్లు. ఎక్కాను. మెహజబీన్ తల్లి గుల్షన్ కుట్టుమిషను పక్కకి జరిపి కుర్చీ వేసింది. మెహజబీన్ తన పని చూపించింది. ఇలాంటి వాటిని వెక్కిరించడానికి నేను సిద్ధంగా వెళ్లాను. వెక్కిరించలేకపోయాను. రాసుకోవాలి కనక రాసుకుంటున్నాను.

నిరుడు ఆ ట్రస్టు ఆఫీసు చూసే గోపీచంద్ ఎవరిచేతో ఒక పేజీ చేయించాడు. బటను నొక్కగానే తెర మీద చక్రం తిరుగుతుంది. లోపల ఒక్కడే గుమాస్తా అన్నమాట. ఫోటో చిన్నది చేయడం, సర్టిఫికెట్టు చూడడం, ఫోనుకి కబురు పంపడం, ఆ తరవాత రిజిస్టరులో ఎక్కించడం, అన్నీ అయ్యాకే "సరే" అంటాడు. ముందున్న పిల్ల ఫోటో పెద్దదైతే వెనకున్న వందమందీ నిలబడాల్సిందే. నిలబడలేక మళ్లీ నొక్కారు. నొక్కినప్పుడల్లా ఒక కొత్త ఫారం పుట్టింది. ఒకరి పేర ఒకటికి మించి వస్తే అన్నీ రద్దని ట్రస్టు నిబంధన. అరవై ఒక్కమంది పిల్లలు అలా పోయారు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు, చక్రం తిరిగింది.

"నేనేం చేశానంటేనండి" అంది మెహజబీన్, "కిటికీ దగ్గర ఒకడు ఉంటాడు. ఫారం తీసుకుంటాడు, పేరూ ఊరూ ఖాళీ లేవు కదా అని చూస్తాడు, రిజిస్టరులో ఎక్కిస్తాడు, నంబరు చేతిలో పెట్టి పంపేస్తాడు. వాడి పని అంతే. ఫారం లోపల వరసలోకి వెళ్తుంది. ఫోటో ఒకడు, సర్టిఫికెట్టు ఒకడు, ఎస్సెమ్మెస్సు ఒకడు, ఎవడి తీరికను బట్టి వాడు తీసుకుంటాడు. లోపల ఎవడైనా పడిపోతే ఆ ఫారం మళ్లీ వరసలోకే వస్తుంది గానీ, కిటికీ మాత్రం మూయరండి."

"ఆ కిటికీలో వాడి పేరేమిటమ్మా?"

"మనిషి కాదండీ, ప్రోగ్రాములో ఒక ఫంక్షను."

"అందుకే పని చేస్తున్నాడు" అన్నాను. గుల్షన్ కుడుతున్నది ఆపి నవ్వింది.

దీన్ని అసింక్ అంటారట. తెర మీద ఒక వాక్యం చూపించింది. అందులో అవెయిట్ అనే మాట ఉంది. అంటే ఆగమనా అని అడిగాను.

"ఆగడమేనండి. కానీ ఊరికే ఆగిపోదు. జవాబు వచ్చేలోపు ఇంకొకళ్ల పని చూస్తుంది. జవాబు రాగానే ఎక్కడ ఆగిందో అక్కడికే వచ్చి అందుకుంటుంది."

ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాను. నలభై ఏళ్లు తెలుగు పాఠం చెప్పాను, చెప్పినదానికి పదింతలు చదివాను. ఆగడం కూడా ఒక పని అని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో.

ఇదంతా నువ్వే కట్టావా అన్నాను. కాదట. ఫ్రేమ్‌వర్కు అని ఒకటి ఉంటుందట. "దూలాలూ వాసాలూ ఎవరెవరో నిలబెట్టి పెట్టారండి. గదులు మనం కట్టుకోవాలి." ఈ వినయం తండ్రిది. హసన్ పేజీల్ని గుత్తులుగా విడదీసి ఏ గుత్తికా గుత్తి దారంతో కుట్టేవాడు. ఒక గుత్తి ఊడినా మిగతా పుస్తకం నిలబడేది. జిగురు పూసి అట్ట అంటించే బైండర్లు ఏలూరు నిండా ఉన్నారు. వాళ్ల పుస్తకాల్లో ఒక పేజీ లాగితే అన్నీ రాలతాయి. నిరుడు గోపీచంద్ చేయించింది ఆ జిగురు పని.

మన ఊళ్లో సన్మానాలు ఎవరికి చేస్తారో నాకు తెలుసు. సాహితీ సమితి వాళ్లకి నా వ్యాసాలు మూడుసార్లు పంపాను. ముట్టాయని ఒక కార్డు ముక్క రాయలేదు. ఈ పిల్లకి శాలువా కప్పరు. కప్పవలసిన పని మాత్రం ఇదే.

జూన్ 9, సోమవారం

లంక నుంచి కృపమ్మ వచ్చింది, మనవరాలు ప్రీతిని వెంటబెట్టుకుని. సారమ్మ బడిలో కృపమ్మ ఆయా. ఇద్దరూ ఒకే దోనెలో వెళ్లేవారు. సారమ్మకి ఆయాసం వస్తే వీపు నిమిరింది ఈవిడే.

నిరుడు పోయిన అరవై ఒక్కమందిలో ప్రీతి ఉంది. మూడుసార్లు నొక్కిందట.

"ఈ యేడు దాటితే వయసు దాటిపోద్దంటండి మాస్టారండీ. తరవాత రొయ్యల షెడ్డేనండి. ఐసులో చేతులెట్టుకుని కూచోడమే" అంది కృపమ్మ. ప్రీతి తండ్రి మనోజ్ చేపల చెరువుల మీద కాపలా. పిల్ల మార్కులు చూశాను. సీటుకి తగిన మార్కులే. తన ఊళ్లో ఒక్క నర్సూ లేదనీ, నేర్చుకుని అక్కడికే పోతాననీ చెప్పింది. ఆ మాట ఎవరో నేర్పినట్టు చెప్పలేదు.

"ఒకసారి పంపినదాన్ని మళ్లీ మళ్లీ ఎందుకు నొక్కావమ్మా?" అన్నాను.

"గిరగిరా తిరుగుతానే ఉందండి. పోయిందో లేదో తెలీలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు కదండీ."

"చెప్పకపోతే? ఒకసారి ఇచ్చాక ఆగాలి. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలియదూ?" కొంచెం గట్టిగానే అన్నాను.

కృపమ్మ నా వైపు చూసింది. "ఆగమని చెప్పడం తేలికేలెండి" అంది.

ఎందుకలా చూసిందో నాకు తెలియదు.

జూన్ 12, గురువారం

గోపీచంద్ మెహజబీన్ పని చూడడానికి వచ్చాడు. కరెంటు పోయి పైన ఉక్కగా ఉంటే నా వరండాలోనే కూర్చున్నారు. నన్ను కదలమనే ధైర్యం వాడికి లేదు.

"చక్రం ఏదమ్మా?" అన్నాడు పేజీ చూడగానే.

"అక్కర్లేదండి. నొక్కిన వెంటనే నంబరు వచ్చేస్తుంది."

"వెంటనే వచ్చేస్తే నమ్మరమ్మా. లోపల ఏదో జరుగుతున్నట్టు కనిపించాలి. కాస్త తిరగనియ్యి."

"తిరిగితే మళ్లీ నొక్కుతారండి."

"నొక్కొద్దని ఎర్రక్షరాలతో రాయి."

"నిరుడు రాశారు కదండీ" అంది, మెల్లగా, తలెత్తకుండా.

గోపీచంద్ నా వైపు తిరిగాడు. "విశ్వాసం గారూ, మీరేనటగా ఈ ముట్టిందీ అంటిందీ రాయించింది. అంటువ్యాధా ఏంటండీ ఇది?"

"కాదు గోపీచంద్ గారూ, రశీదు. మీ ఆఫీసులో ఆ వస్తువు లేక మీకు గుర్తులేదు" అన్నాను.

వాడు నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోవడం చేతనవును, అది ఒప్పుకోవాలి. పోతూ పోతూ, ఒకరి పేర రెండొస్తే రద్దు అన్న నిబంధన ఈ ఏడూ ఉంటుందనీ, కమిటీ మార్చదనీ చెప్పాడు. మెహజబీన్ "ఉండనీయండి, రెండు రావు" అంది.

నా డెబ్బై ఎనిమిదేళ్లలో ఆఫీసువాడితో ఇంత తక్కువ మాటల్లో ఇంత గట్టిగా మాట్లాడిన మనిషిని చూడలేదు. నేనైతే ఒక ఉపన్యాసం ఇచ్చి ఉందును. ఇచ్చి, పని చెడగొట్టుకుని ఉందును.

జూన్ 13

రెండు ఎందుకు రావో చూపించమన్నాను. ఫారం తెరిచినప్పుడే, ఇంకా పేరు కూడా రాయకముందే, దానికి కంటికి కనపడని ఒక గుర్తు పడుతుందట. పుట్టుమచ్చ లాగా. ఎన్నిసార్లు పంపినా ఆ మచ్చ చూసి, ఇది మనకి ఇదివరకే వచ్చిన పిల్లే అని గుర్తుపట్టి, కొత్తది ఎక్కించకుండా పాత నంబరే మళ్లీ చెబుతుందట. ఒకే పిల్ల రెండోసారి కొత్త ఫారం తెరిచినా, హాల్‌టికెట్టు నంబరు చూసి, నీది ఇదివరకే ముట్టిందని పాత నంబరే చూపిస్తుందట.

పరీక్షించాను. ఊరికే వేసే ఫారం ఒకటి ఇచ్చింది. పేరు: నరసరాజు. వయసు: పద్దెనిమిది. స్త్రీ. ఏడుసార్లు నొక్కాను. నరసరాజు ఒక్కడే వచ్చాడు. దేశానికి ఒక్కడు చాలు.

మెహజబీన్ నవ్వి, "ఎవరండీ ఈ నరసరాజు గారు?" అంది. చెప్పాను. కిటికీ, సొరుగు, రేపు. అంతవరకే చెప్పాను.

"మరి తరవాత మీరేం చేశారండీ?"

తలనొప్పిగా ఉందని కిందికి వచ్చేశాను.

జూన్ 16

వాన. పుస్తకాల గదిలో పెట్టె తియ్యాలనుకుని తియ్యలేదు.

జూన్ 18, బుధవారం

ఫారాల రోజు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఐదింటి వరకు.

ప్రీతి ఇవాళ పొద్దున్నే ఇక్కడికి రావలసింది. రాత్రి వానకి చేపల చెరువు గట్టు తెగి వాళ్ల రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లట. ఆటో రాదు. అక్కడి నుంచే తన ఫోనులో నింపుతానంది. అక్కడ సిగ్నలు ఎలాంటిదంటే, సగం మాట వినిపించి మిగతా సగం కొల్లేట్లో కలుస్తుంది.

నేను తొమ్మిదిన్నరకే పైకి ఎక్కి కూర్చున్నాను. గుల్షన్ నాకోసం ఇడ్లీ పెట్టి ఉంచింది. తెర మీద పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చి పడుతున్నాయి. ముదినేపల్లి, భీమడోలు, కైకలూరు, నిడమర్రు. ఒక్కో పేరు పక్కన నంబరు, ముట్టింది అనే మాట. నా మాట. అంతమంది పిల్లల ఫోన్లలో ఆ మాట కనపడుతోందంటే ఏదోలా అనిపించింది. గర్వమని రాయను.

పన్నెండింటికి గోపీచంద్ ఫోను. "ఎవరికీ ఎస్సెమ్మెస్సులు రావట్లేదంట. నే చెప్పేను కదా, పడిపోయింది నీ సిస్టం."

"ఎస్సెమ్మెస్సు కంపెనీ వాళ్లది ఆగిందండి. మనది ఆగలేదు. ఫారాలన్నీ వరసలో ఉన్నాయి, వాళ్లది లేవగానే అవే వెళ్తాయి" అంది. వాడు ఇంకా ఏదో అంటుంటే ఫోను బల్ల మీద పెట్టి తన పని చూసుకుంది. నిరుడైతే ఆ ఒక్కటి ఆగినందుకు మొత్తం దుకాణం మూతపడేదట. ఇవాళ ఒక్క పిల్లా నిలబడలేదు. గుత్తి ఊడింది, పుస్తకం నిలబడింది.

రెండుంబావుకి ప్రీతి ఫోను చేసింది. గొంతు తేలిపోతోంది.

"మాస్టారండీ, నొక్కేనండి. ఏమీ రాలేదు. తెల్లగా అయిపోయింది. పోయిందోలేదో తెలీట్లేదండి."

"మళ్లీ నొక్కకు" అని అరిచాను. అరిచానంటే నిజంగా అరిచాను. గుల్షన్ వంటగదిలోంచి వచ్చింది.

"నొక్కలేదండి. వేలు తీసేసేనండి. రెండోసారి నొక్కితే మళ్లీ రద్దయిపోద్దేమోనండి" అని పిల్ల ఏడుస్తోంది. వెనక కృపమ్మ గొంతు, ప్రార్థన చేస్తోంది.

మెహజబీన్ నా వైపు తిరిగింది. "నొక్కమనండి మాస్టారూ. ఎన్నిసార్లయినా నొక్కమనండి."

ఆ పిల్ల అక్కడ నా మాట కోసం ఆగి ఉంది. గోపీచంద్ నిబంధన అలాగే ఉంది. ఈ అమ్మాయి లెక్క ఎక్కడైనా తప్పితే, ఆ పిల్ల చేతులు ఐసులో పెట్టించినవాణ్ణి నేనవుతాను. మెహజబీన్ ఫోను లాక్కోలేదు. తొందరపెట్టలేదు. చూస్తూ ఉంది.

"నొక్కమ్మా" అన్నాను చివరికి.

"మళ్లీనాండీ?"

"మళ్లీ. అది వచ్చేదాకా."

నొక్కింది. తరవాత లెక్క చూస్తే పదకొండుసార్లు. సిగ్నలు వచ్చీ పోయీ, ఫోను తెగీ కలిసీ, రెండు యాభైకి అవతల నుంచి ఒక్క మాట వినిపించింది. "ముట్టిందండి." ఆ తరవాత నంబరు చదివింది, ఒక్కో అంకె విడదీసి. నాలుగు, ఒకటి, రెండు.

మెహజబీన్ తెర మీద నాలుగు వందల పన్నెండు చూపించింది. ప్రీతి, ఒకే ఒక్క వరస. పక్కన టైము చూడమంది. రెండు పద్నాలుగు.

"రెండు యాభై కదమ్మా?"

"కాదు మాస్టారూ. మొదటిసారి నొక్కినప్పుడే వచ్చేసిందండి. మీకు ఫోను చేసేటప్పటికే మన దగ్గరుంది." తెర మీద వేలు ఆనించి చెప్పింది. "ఫారం అప్పుడే ముట్టింది. రశీదే దారిలో పోయింది."

గుల్షన్ టీ ఇచ్చింది. తాగకుండానే కిందికి వచ్చాను.

సాయంత్రం ఆరున్నరకి ఎస్సెమ్మెస్సులన్నీ వెళ్లాయట. గోపీచంద్ మళ్లీ ఫోను చేసి, బానే ఉందమ్మా, ముందే చెప్పొచ్చు కదా అన్నాడట.

జూన్ 19

ఫారం అప్పుడే ముట్టింది. రశీదే దారిలో పోయింది.

జూన్ 21, శనివారం

పెట్టె తీశాను.

సారమ్మ బైబిలు కింద ఉంది ఆ కాయితం. ఆఫీసు నుంచి వచ్చిన జవాబు. 1991 డిసెంబరులో, ఆమె జ్ఞాపకార్థ కూడిక జరుగుతుండగా పోస్టుమాను తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు ఒకసారి చూసి మడిచి పెట్టాను. నిజానికి చూశానా? చూశాను. మడత పెట్టే ముందు చూశాను.

అందులో ఇలా ఉంది. 'శ్రీమతి సారమ్మ బదిలీ విషయమై రెండు దరఖాస్తులు అందినవి. ఒకటి నం. 1147, తేది 21-8-91. రెండవది నం. 1203, తేది 26-8-91. మొదటి దానిలో వట్లూరు పాఠశాల, రెండవ దానిలో ఏలూరులో ఏ పాఠశాలయైనా కోరబడినది. ఏది అసలు కోరికో తెలియజేస్తూ మరల పంపవలెను. అంతవరకు రెండును మూసివేయబడినవి.'

ఇరవై ఒకటి. నేను ఇచ్చింది ఇరవైన. అంటే మర్నాడే. నరసరాజు మర్నాడే ఎక్కించాడు.

వారం కూడా ఆగకుండా ఇరవయ్యారున పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్లి, అక్కడ కేంపులో ఉన్న పెద్ద ఆఫీసరు చేతికి రెండో దరఖాస్తు ఇచ్చినవాణ్ణి నేను. మొదటిదాని కంటే బాగుండాలని కొంచెం మార్చి రాశాను. భాష తెలిసినవాణ్ణి కదా.

జూన్ 22

అయినా రశీదు ఇచ్చి ఉంటే నేను రెండోది రాసేవాణ్ణా? నరసరాజే.

జూన్ 23

నరసరాజే.

జూన్ 27, శుక్రవారం

జాబితా వచ్చింది. ప్రీతికి సీటు వచ్చింది. ఈసారి రద్దయిన ఫారాలు ఒక్కటీ లేవట. ఆ పిల్లలందరిలో ఎంతమంది ఎన్నిసార్లు నొక్కారో మెహజబీన్ చెప్పింది. ఒక అబ్బాయి నలభైసార్లు నొక్కాడట. వాడి మీద నాకు కోపం రాలేదు.

కృపమ్మ కొరమీను పట్టుకుని వచ్చింది. సగం నాకు, సగం పైకి. మెహజబీన్ గడ్డం పుణికి, "మా టీచరమ్మగారు ఉంటే నిన్ను చూసి ఎంత మురిసిపోయేవారో తల్లీ" అంది. మెహజబీన్ సిగ్గుపడి, "నేనేం చేశానండి, నంబరు ఇచ్చానంతే" అంది. అంతేనట. ఆ అంతే లేకపోవడం వల్ల ఏమవుతుందో తెలిసినవాళ్లం కింద ఇద్దరం ఉన్నాం.

కృపమ్మ వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. ఆమె ఏదో అనేలోపు నేనే అన్నాను. "కృపమ్మా, ఆ రోజుల్లో దోనెలో టీచరమ్మ నీకేమైనా చెప్పిందా, ఆ కాయితాల గురించి?"

"చెప్పేరండి. అవన్నీ ఇప్పుడెందుకులెండి" అంది.

జూన్ 29, ఆదివారం. తాడేపల్లిగూడెం నుంచి వస్తూ, రైల్లో మొదలుపెట్టాను, ఇంట్లో పూర్తిచేస్తున్నాను.

చర్చి అయ్యాక స్టేషనుకి వెళ్లాను. నరసరాజు అడ్రసు పెన్షనర్ల సంఘం పుస్తకంలో పదిహేనేళ్లుగా ఉంది. రైసు మిల్లు వెనక వీధిలో కూతురు హర్షిణి ఇంట్లో ఉంటున్నాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. చెవుడు.

"నాన్నగారూ, ఏలూరు నుంచి విశ్వాసం మాస్టారంటండి" అని హర్షిణి చెవి దగ్గర చెప్పింది.

కుర్చీలోంచి లేవబోయాడు. "సారమ్మ టీచరుగారి భర్తగారాండీ" అన్నాడు. నేను కొట్టడానికి వచ్చానో తిట్టడానికి వచ్చానో అన్నట్టు నా చేతుల వైపు చూశాడు. చేతిలో ఆ కాయితం ఉంది. అందుకుని, కళ్లజోడు పెట్టుకోకుండానే, "పదకొండు నలభై ఏడు" అన్నాడు.

"అది మీకెలా గుర్తుందండీ?"

"టీచరుగారు పోయేరని తెలిసేక రిజిస్టరు తీసి చూసుకున్నానండి. ఎక్కించేనా లేదా అని. ఎక్కించేను, మర్నాడే ఎక్కించేను. అయినా ఆ నంబరు మరుపుకి రాలేదండి."

"మరి రశీదు ఎందుకివ్వలేదు?"

చాలా గట్టిగా అడిగి ఉంటాను. హర్షిణి వంటింట్లోంచి తొంగి చూసింది.

"రశీదు పుస్తకం అయిపోయిందండి. కొత్తది కావాలని జులైలోనే ఇండెంటు పెట్టేను. అది పైవాళ్లకి ముట్టిందో లేదో నాకూ ఎవరూ చెప్పలేదండి. నేనూ రేపొస్తది, రేపొస్తది అనుకున్నాను."

"తెల్లకాయితం మీద రాసివ్వొచ్చు కదండీ."

"రూలు ఒప్పుకోదండి. భయమండి మాస్టారూ. అప్పుడు అన్నిటికీ భయమే."

ఆ భయం ఆ కాయితంలోనూ ఉంది. 'కోరబడినది', 'మూసివేయబడినవి'. చేసినవాడి పేరు దాచడానికి కాదేమో ఆ క్రియ, భయపడ్డవాడు దాక్కోవడానికేమో. ఇన్నాళ్లు పాఠం తప్పు చెప్పాను.

కాసేపటికి కూతుర్ని పెన్ను తెమ్మన్నాడు. గోడ మీది కేలండరులో మే నెల కాయితం చింపించాడు. దాని వెనక రాశాడు. గుమాస్తా దస్తూరీ చెక్కుచెదరలేదు. తేదీ దగ్గర ఆగి, "ఇరవై, ఎనిమిది, తొంభై ఒకటి వెయ్యమంటారాండి?" అన్నాడు.

"వద్దండి. రాసిన తేదీ వెయ్యాలి" అన్నాను.

'శ్రీ విశ్వాసం మాస్టారి దరఖాస్తు నం. 1147 ముట్టినది. పుచ్చుకున్నవాడు, నరసరాజు. 29-6-2025.'

చేతికిచ్చి, "రేపన్నానండి" అన్నాడు. హర్షిణి కాఫీ ఇచ్చింది. మిల్లు ఊక వాసనలో ఇద్దరం కూర్చుని తాగాం. ఆయన చెవికి నా మాట అందదు, నాకు ఆయనతో చెప్పవలసింది లేదు. అరగంట బాగానే గడిచింది.

ఇప్పుడు ఆ రశీదు ఈ డైరీలో పెట్టాను. ఇక నరసరాజు గారి మీద రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. జూన్ మూడున రాసిన పేజీలో ఒక వాక్యం మాత్రం దిద్దాలి. కొట్టివేయను, కింద రాస్తాను.

సారమ్మ తాడేపల్లిగూడెం వెళ్లమనలేదు. ఇరవయ్యారో తేదీ పొద్దున నేను చొక్కా వేసుకుంటుంటే, మంచం మీద దిండుకి ఆనుకుని, ఆయాసం మధ్య మాట మాట విడదీసి అంది. "ఒకసారి ఇచ్చేం కదండీ. రెండు పంపితే ఏదీ చూడరేమోనండి. ఆగుదాం. ఈలోపు నే మెల్లగా బడికి పోతానే ఉంటాను కదా."

ఇదే ఆ అమ్మాయి తెర మీద చూపించిన అవెయిట్ వాక్యం. ఒక లంక బడి టీచరు ముప్పై నాలుగేళ్ల కిందట నోటితో చెప్పింది. ఆ పూట ఆ గదిలో విన్నవాడు ఒక్కడే. విని, గొడుగు తీసుకుని, పాసింజరు టైమైపోతోందని బయలుదేరాడు.

విశ్వాసం.